మంగళవారం మహిళా క్లినిక్: మా అక్కతో నాలుగుసార్లు వెళ్ళి వచ్చాక

హన్మకొండలో మేముండే వైపున ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. అందులో ప్రతి మంగళవారం స్త్రీల కోసం ప్రత్యేకంగా నడిచే క్లినిక్కుకు మా అక్కను వెంటబెట్టుకుని అయిదు నెలల్లో నాలుగుసార్లు వెళ్ళాను. కొత్తగా తెరిచిన హోటల్ గురించీ, చీరల దుకాణం గురించీ నలుగురికీ తెలిసేలా రాసే మనం ఇటువంటి సేవల గురించి రాయము. అందువల్లనే ఇవి ఉన్నట్టు కూడా చాలామందికి తెలియదు. కేంద్రం పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. అక్కడ పనిచేసేవారు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే కాబట్టి పేరు చెబితే ఎవరెవరన్నది ఇట్టే తెలిసిపోతుంది, నేను చెప్పబోయే లోపాలకు వారు బాధ్యులు కారు. నా అభిప్రాయం ముందే చెబుతాను: నెలసరి, గర్భసంచి, రొమ్ము, రక్తహీనత వంటి ఏ ఇబ్బంది ఉన్నా ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్‌కు డబ్బు కట్టకముందు ఇక్కడికి ఒక్కసారి వెళ్ళి తీరవలసిందే. ఆ క్లినిక్కును నిలబెడుతున్నది అక్కడి స్త్రీలు. ఆ స్త్రీలను నిలబెట్టే ఏర్పాట్లు మాత్రం చాలా తక్కువగా ఉన్నాయి.

ఇది ‘ఆరోగ్య మహిళ’ అనే రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం కింద నడిచే క్లినిక్కు. 2023 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, అప్పటి ఆరోగ్య శాఖ మంత్రి హరీశ్‌రావు ఈ కార్యక్రమాన్ని కరీంనగర్‌లో ప్రారంభించారు. మొదట 100 కేంద్రాలతో మొదలై ఆ తరువాత విస్తరించింది. నోటి, రొమ్ము, గర్భసంచి ముఖద్వార క్యాన్సర్లకు తొలి పరీక్షలు, రక్తహీనత, థైరాయిడ్, నెలసరి తేడాలు, సంతానలేమి, మూత్రంలో మంట, ముట్లుడిగే వయసులో వచ్చే బాధలు, అధిక బరువు వంటివాటిని ఒకే చోట, స్త్రీలే సిబ్బందిగా ఉండి చూడాలన్నది దీని ఉద్దేశం. పరీక్షకూ, మందుకూ రూపాయి తీసుకోరు.

మా అక్కకు 43 ఏళ్ళు. నర్సంపేట వైపు పల్లెలో ఉంటుంది. నాలుగెకరాల్లో పత్తి, మిరప వేస్తారు. రెండేళ్ళుగా ఆమెకు ఎర్రబట్ట ఆగకుండా అవుతోందని నాకు తెలిసింది పోయిన వానాకాలంలోనే. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. కలుపు తీస్తూ తీస్తూ గట్టు మీద కూలబడిపోయిందని బావ ఫోన్ చేస్తే వెళ్ళాను. అప్పటికే నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కాన్ తీయించారు. గర్భసంచిలో గడ్డ ఉందనీ, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుందనీ, ఇద్దరు పిల్లలు పుట్టారు కాబట్టి ఇక దానితో పని లేదనీ, వారంలోగా తీసేయాలనీ అక్కడ చెప్పారట. ఆ మాటలు చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదని అక్క అంది. బావ అప్పటికే మిరప మీద అప్పు తేవడానికి షావుకారుతో మాట్లాడుకున్నాడు.

అక్క వాళ్ళ వాడలోనే గర్భసంచి తీయించుకున్నవారు నలుగురున్నారు, వారిలో ఒకామె నలభై దాటనిది. ఇది ఒక్క ఊరి సంగతి కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు నూటికి 3 మందికి కాస్త పైన ఉండగా, తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ సంఖ్య నూటికి 8 మందిని దాటింది. రెండు తెలుగు రాష్ట్రాలూ దేశంలో ముందు వరుసలో ఉన్న ఈ విషయం మనం గర్వపడేది కాదు. అనవసరంగా గర్భసంచి తీసే ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది కూడా. నిజంగా అవసరమైనవారికి ఆ ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. అయితే గర్భసంచితో పాటు అండాశయాలను కూడా తీసేస్తే నలభై ఏళ్ళ మనిషికి ఒక్కరోజులో ముట్లుడిగిపోతాయి. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం ముందుగానే మొదలవుతాయి. అండాశయాలను ఉంచినా కొందరిలో అవి త్వరగా పని మానేస్తాయి. అక్క వాడలోని ఆ నలుగురిలో ఏ ఒక్కరికీ ఈ సంగతి ఆపరేషన్‌కు ముందు ఎవరూ చెప్పలేదు. నడుము నొప్పులని ఇప్పుడు సూదులు వేయించుకుంటూ తిరుగుతున్నారు.

మంగళవారం క్లినిక్కు గురించి నాకు చెప్పింది మా వాడ ఆశా కార్యకర్త. మొదటిసారి పొద్దున తొమ్మిదిన్నరకు వెళ్ళాము. ఓపీ చీటీ రాయించుకున్నాక ఎత్తు, బరువు, బీపీ చూశారు. ఆ తరువాత స్టాఫ్ నర్సు అక్కను ఒక మూల గదిలో కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నల దగ్గరే ఈ క్లినిక్కు విలువ నాకు అర్థమైంది. రుతుస్రావం, అధిక రక్తస్రావం వంటి మాటలు ఆమె నోట ఒక్కటి కూడా రాలేదు. “ముట్టు ఎన్ని రోజులకొకసారి వస్తున్నదక్కా? దినాం ఎన్ని బట్టలు మారుస్తున్నవ్? కాలేయం ముక్కలోలె గడ్డలు పడుతున్నయా? రాత్రి పడుకున్నంక చాప తడుస్తున్నదా?” అని అడిగింది. అక్క కాసేపు నేల చూసి, ఆ తరువాత నాకు కూడా ఎన్నడూ చెప్పని సంగతులు చెప్పడం మొదలుపెట్టింది: గడ్డలు పడుతున్నాయని, బస్సులో సీటు మీద మరక పడుతుందేమోనన్న భయంతో పుట్టింటికి రావడం కూడా మానేసిందని, బతుకమ్మ నాడు గుంపులో ఆడుతుండగా చీర తడిసి మధ్యలోనే ఇంటికి వెళ్ళిపోయిందని. ఇవేవీ ప్రైవేటు ఆసుపత్రిలో ఎందుకు చెప్పలేదని నేనడిగితే, “మొగ డాక్టర్, పక్కన మీ బావ. ఎట్ల చెప్తరు చెల్లె?” అంది.

నర్సు ఆ వివరాలన్నీ చీటీ వెనుక రాసి ఇచ్చాక డాక్టర్ గారు చూశారు. ముప్పై దాటని అమ్మాయి. అక్క కంటి కింది రెప్ప లాగి చూసి, గోళ్ళు చూసి, మెడ మీద చేయి వేసి గుటక వేయమన్నారు. జుట్టు ఊడుతోందా, అందరికంటే ఎక్కువ చలి వేస్తోందా, మలబద్ధకం ఉందా అని అడిగారు. ఎర్రబట్టకూ జుట్టుకూ సంబంధమేమిటని నేను అడగబోయేలోగా ఆమే వివరించారు. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే అండం నెలనెలా సరిగ్గా విడుదల కాదు. అందువల్ల గర్భసంచి లోపలి పొర మందంగా పేరుకుని, ఊడినప్పుడు వరదలా పోతుంది. స్కాన్‌లో కనబడిన గడ్డ 2 సెంటీమీటర్లది, గర్భసంచి గోడలో ఉంది. అటువంటి గడ్డలు ఈ వయసు స్త్రీలలో చాలామందికి ఉంటాయి, అవి క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు, ముట్లుడిగాక చాలావరకు వాటంతట అవే కుంచించుకుపోతాయి. ఈ మాటలన్నిటికీ ఇరవై నిమిషాలు పట్టింది. బయట వరుసలో పదిహేను మంది కూర్చుని ఉన్నారు, అయినా ఆమె తొందరపడలేదు.

అదే రోజు రక్తం తీశారు, అదే రోజు గర్భసంచి ముఖద్వార పరీక్ష కూడా చేశారు. ఈ పరీక్ష గురించి ఊళ్ళలో లేనిపోని భయాలు ఉన్నాయి కాబట్టి చూసింది చూసినట్టు రాస్తాను. ఆకుపచ్చ తెర వెనుక ఎత్తయిన బల్ల, ఎక్కడానికి ఒక చెక్క మెట్టు. చీర విప్పనక్కరలేదు, పైకి జరిపితే చాలు. లోపలికి చూడడానికి వాడే ఉక్కు పరికరం చల్లగా ఉంటుందని నర్సు దానిని గోరువెచ్చని నీళ్ళతో కడిగి, ముందు అక్క తొడకు తాకించి “ఇది ఇట్లుంటదక్కా, నొప్పి పుడితే చెప్పు, ఆపుత” అంది. దూదితో పలచని ఎసిటిక్ ఆమ్లం, అంటే మనం వంటింట్లో వాడే వెనిగర్‌లోని ఆమ్లమే, ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగారు. మార్పు మొదలైన కణాలుంటే ఆ చోటు తెల్లగా పాలిపోయి కనబడుతుంది. అక్కకు ఏమీ కనబడలేదు. మొత్తం అయిదారు నిమిషాల పని. 30 నుంచి 65 ఏళ్ళ మధ్య స్త్రీలు ఈ పరీక్షను అయిదేళ్ళకొకసారి చేయించుకోవాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరస్ ఏళ్ళ తరబడి తిష్ట వేయడం వల్లనే వస్తుంది, వచ్చే ముందు ఎన్నో ఏళ్ళు సమయమిస్తుంది. కాబట్టి ముందుగా చూసుకుంటే అడ్డుకోగలిగిన క్యాన్సర్ ఇది. 2030 నాటికి నూటికి 90 మంది బాలికలకు 15 ఏళ్ళలోపు టీకా, 70 మంది స్త్రీలకు 35 ఏళ్ళు నిండేలోపు ఒకసారి, 45 ఏళ్ళు నిండేలోపు మరోసారి పరీక్ష, జబ్బు బయటపడిన వారిలో 90 మందికి చికిత్స అందాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టిన లక్ష్యం. అక్క ఈ పరీక్ష చేయించుకున్నది జీవితంలో ఇదే మొదటిసారి. నిజం చెప్పాలంటే, పాతికేళ్ళు చదువుకుని పిల్లలకు పాఠాలు చెప్పే నేను కూడా ఆ రోజే మొదటిసారి చేయించుకున్నాను.

రక్తపరీక్ష ఫలితాలు మర్నాడు వచ్చాయి. హిమోగ్లోబిన్ 7.8. గర్భిణి కాని స్త్రీకి 12 కంటే తగ్గితేనే రక్తహీనత అంటారు, 8 కంటే తగ్గితే తీవ్రమైనది. థైరాయిడ్ కూడా డాక్టర్ గారు ఊహించినట్టే తక్కువగా పనిచేస్తోంది. దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని ఆ సర్వేయే చెప్పింది. అయితే సర్వేలో ఒక అంకెగా చదవడం వేరు, నీళ్ళ బిందె ఎత్తలేక గుమ్మం దగ్గర దించి గోడకు ఒరిగి నిల్చున్న అక్కను చూడడం వేరు. గర్భసంచి లోపలి పొరను కూడా ముక్క తీసి పరీక్షించాలని, ఐరన్ నరం ద్వారా ఎక్కించాలని డాక్టర్ గారు పెద్ద ప్రసూతి ఆసుపత్రికి చీటీ రాసి ఇచ్చారు. అక్కడ ఒక పూటంతా వేచి ఉండవలసి వచ్చినా పని జరిగింది. ముక్క పరీక్షలో చెడు ఏమీ లేదు. రక్తం ఎక్కువగా పోయే రోజుల్లో వేసుకోవడానికి మాత్రలు, థైరాయిడ్ మాత్ర, ఆ తరువాత ఐరన్ గోలీలు. ఆపరేషన్ ఊసు ఎవరూ ఎత్తలేదు.

మందుల దగ్గర జరిగిన ఒక చిన్న సంఘటన రాయాలి. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి. ఐరన్ గోలీకీ దానికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే ఐరన్ దానిని ఒంటికి పట్టనివ్వదు. మందులిచ్చే కిటికీ దగ్గర రెండూ పొద్దున్నే వేసుకొమ్మని ఇచ్చేశారు. వెళ్ళబోతున్న మమ్మల్ని ఏఎన్ఎం, అంటే సహాయక నర్సు, గుమ్మం దగ్గర ఆపి కవర్లు తీసి చూపించమంది. అక్కకు చదువు రాదని తెలుసుకుని, ఒక కవరు మీద పొడుస్తున్న పొద్దు బొమ్మ, రెండో దాని మీద అన్నం పళ్ళెం, నెలవంక గీసింది. చాయతో ఐరన్ గోలీ వేసుకోవద్దని, నిమ్మకాయ పిండిన నీళ్ళతో వేసుకొమ్మని, దొడ్డికి నల్లగా అయితే భయపడవద్దని చెప్పింది. ఆ బొమ్మల కవర్లను అక్క ఇప్పటికీ దాచుకుంది. మందు అయిపోయినా కొత్త మాత్రలను వాటిలోనే వేసుకుంటుంది. నాలుగోసారి వెళ్ళేనాటికి హిమోగ్లోబిన్ 11.1కు వచ్చింది, నెలసరి అయిదు రోజులకు దిగింది, బావ అప్పు తేలేదు.

స్త్రీలకు స్త్రీలే వైద్యం చేయాలన్న మాట కొందరికి పాతకాలపు బిడియంలా అనిపించవచ్చు. నాకలా అనిపించదు. 1875లో మద్రాసు వైద్య కళాశాల తలుపులు మేరీ షార్లీబ్ అనే ఆంగ్ల మహిళతో పాటు మరో ముగ్గురు స్త్రీలకు తెరుచుకోవడానికి కారణమే, మగ వైద్యుడికి చెప్పుకోలేక, చూపించుకోలేక పరదాల వెనుక చనిపోతున్న స్త్రీలు. మన హైదరాబాద్‌లో రూపాబాయి ఫర్దూంజీ 1889లోనే వైద్య విద్య ముగించి, ఆపరేషన్లలో క్లోరోఫారం ఇచ్చి మత్తు వైద్యం చేసిన ప్రపంచపు తొలి మహిళల్లో ఒకరయ్యారు. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ స్వయంగా వైద్యం చేస్తూనే కాన్పు గురించీ, పసిబిడ్డల పోషణ గురించీ తెలుగులో తల్లులకు అర్థమయ్యేలా రాశారు. 1959లో మొదలైన మన కాకతీయ వైద్య కళాశాల గేటు ముందు ఇవాళ ఉదయం పూట నిల్చుంటే తెల్ల ఆప్రాన్లతో లోపలికి వెళ్ళేవారిలో అమ్మాయిలే ఎక్కువగా కనబడతారు. దాదాపు 150 ఏళ్ళ ఆ ప్రయాణం ఈ మూల గది వరకు వచ్చింది కాబట్టే మా అక్క నోరు విప్పింది, నోరు విప్పింది కాబట్టే గర్భసంచి మిగిలింది. ఇందులో ఆడ డాక్టరు కావడం ఒక్కటే సరిపోదన్నది కూడా నేను గమనించాను. ముందుగా నర్సు ఆ ప్రశ్నలను అక్క మాటల్లో అడగకపోతే, ఆశా కార్యకర్త మాకు దారి చూపకపోతే, ఏఎన్ఎం గుమ్మంలో ఆపకపోతే డాక్టర్ గారి చదువుకు పని దొరికేది కాదు. నలుగురి చేతుల మీదుగా నడిచిన వైద్యం ఇది.

ఆ నలుగురి పరిస్థితి ఎలా ఉందో చూశాక నాకు మనసు కష్టమైంది. వైద్య సేవను సమీక్షించేటప్పుడు రోగికి దొరికింది మాత్రమే రాసి సిబ్బంది సంగతి వదిలేస్తే అది సగం సమీక్షే అవుతుంది. అక్కడ సిబ్బందికీ రోగులకూ కలిపి ఒకటే మరుగుదొడ్డి ఉంది, దాని గడియ సరిగా పడదు. మూత్రంలో మంట అని వచ్చినవారి నమూనాలు తీయవలసింది కూడా అందులోనే. మూడోసారి వెళ్ళినప్పుడు నర్సు తన మూడేళ్ళ పాపను వెంట తెచ్చుకుంది. అంగన్‌వాడీకి ఆ రోజు సెలవట. పాప మందుల పెట్టెల మధ్య కూర్చుని ఖాళీ ఓఆర్ఎస్ ప్యాకెట్లతో ఆడుకుంటోంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ జీతంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచింది, 50 మంది అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలని కూడా చెప్పింది. పది మంది కూడా లేని ఇటువంటి కేంద్రానికి ఆ నియమం వర్తించదు. ఎందరో నర్సులు, ఏఎన్ఎంలు పనిచేసేది ఇటువంటి చిన్న చోట్లలోనే అయినప్పుడు, చట్టం ఇచ్చిన సౌకర్యం ఎవరికి చేరుతున్నట్టు?

ఆశా కార్యకర్తల సంగతి ఇంకా బాధాకరం. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో మొదలైన వీరిని ప్రభుత్వం నేటికీ ఉద్యోగులుగా లెక్కపెట్టదు. స్వచ్ఛంద కార్యకర్తలంటుంది, చేసిన పనిని బట్టి పారితోషికం ఇస్తుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీరందరికీ కలిపి అంతర్జాతీయ పురస్కారం ఇచ్చి గౌరవించింది. మా వాడ ఆశా కార్యకర్త అక్కను పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళిన రోజున ఆటో చార్జీ తన చేతి నుంచే పెట్టుకుంది, నేనివ్వబోతే తీసుకోలేదు. ప్రపంచవ్యాప్తంగా ఆరోగ్య రంగంలో పనిచేసేవారిలో నూటికి 70 మంది స్త్రీలే అయినా పై స్థాయి పదవుల్లో పాతిక శాతమే ఉన్నారని ఆ సంస్థే 2019లో లెక్క తేల్చింది. మరుగుదొడ్డి గడియ ఏళ్ళ తరబడి బాగుపడకపోవడానికీ ఈ లెక్కకూ సంబంధం ఉందని నేను నమ్ముతున్నాను. ఆ గడియతో రోజూ అవస్థ పడేవారి చేతిలో దానిని మార్పించే అధికారం ఉంటే ఎన్నడో మారేది.

రోగుల వైపు నుంచి చెప్పవలసిన లోపాలు కూడా ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యమైనది ఫోన్ సంగతి. పరీక్ష ఫలితాలు చీటీలో రాయించిన ఫోన్ నంబరుకు వస్తాయి. అక్కకు సొంత ఫోన్ లేదు కాబట్టి బావ నంబరు రాయించాము, ఫలితాలు ఆయనకే వెళ్ళాయి. మా బావ మంచివాడు, ఇబ్బంది రాలేదు. కానీ అదే వరుసలో కూర్చున్న మరొకామె మింగలేని భయంతో నర్సును అడగడం నేను విన్నాను: “నా పెనిమిటి ఫోన్‌కు పోతదా మేడం? పోవద్దు.” లైంగికంగా సోకే ఇన్ఫెక్షన్లకూ, సంతానలేమికీ పరీక్షలు చేసే చోట ఈ విషయం చిన్నది కాదు. కాగితం మీద ముద్రించి రోగి చేతికే ఇచ్చే పద్ధతిని అడిగినవారికైనా తప్పకుండా అమలు చేయాలి.

రెండోది, రెండోసారి మేము వెళ్ళిన మంగళవారం డాక్టర్ గారు లేరు. మరోచోట డ్యూటీ వేశారట. నర్సు చేయగలిగినంత చేసింది, కానీ ఒక రోజు కూలి పోగొట్టుకుని నర్సంపేట దాటి నుంచి వచ్చినవారికి ముందుగా తెలిసే మార్గం ఏదీ లేదు. మూడోది, గోడలకు అంటించిన పోస్టర్ల తెలుగు. ‘శ్వేతస్రావం’, ‘రజోనివృత్తి’, ‘కటి ప్రాంత శోథ’ అని రాసి ఉంది. చదువుకున్న నాకే మూడో మాట దగ్గర ఆగవలసి వచ్చింది. తెల్లబట్ట, ముట్లుడగడం, పొత్తికడుపులో వాపు అని రాస్తే వచ్చే నష్టమేమీ లేదు. నోటితో ఇంత చక్కగా మాట్లాడగలిగిన ఆ నర్సునే అడిగి రాయించి ఉంటే ఆ కాగితాలు పనికివచ్చేవి.

మరొక సంగతి అమ్మాయిల గురించి. నేను ఉన్నత పాఠశాలలో పనిచేస్తాను. మొహం మీద వెంట్రుకలు వస్తున్నాయని, మూడు నెలలకొకసారి గాని నెలసరి రావడం లేదని ఏడ్చే పిల్లలను చూస్తుంటాను. ఇటువంటి లక్షణాలు కనబడే పీసీఓఎస్ అనే హార్మోన్ల తేడాకు ఈ క్లినిక్కులో సలహా, పరీక్ష రెండూ ఉన్నాయి. కానీ అన్ని వయసులవారూ ఒకే వరుసలో కూర్చోవడం వల్ల పెళ్ళికాని పిల్ల ఇక్కడికెందుకు వచ్చిందన్న చూపులు వారి మీద పడతాయి. మేము వెళ్ళిన రోజున ఒక ఇంటర్ అమ్మాయి వాళ్ళమ్మ కొంగు చాటున ముఖం దాచుకుని కూర్చుంది. ఒక గంట పాటు వారికోసం వేరుగా సమయం పెడితే చాలు. 9 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లలకు హెచ్‌పీవీ టీకా బాగా పనిచేస్తుందని డాక్టర్ గారు తల్లులకు ఓపికగా చెబుతున్నారు. ఆ మాటలను ఆమె పాఠశాలకు వచ్చి చెబితే బాగుంటుందని అడిగాను, వస్తానన్నారు.

వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. పొద్దున తొమ్మిదిన్నరలోపే చేరుకోండి. పదకొండు దాటితే వరుస పెద్దదవుతుంది. ఆధార్ కార్డు, ఇంతకు ముందు తీయించిన స్కాన్లు, వాడుతున్న మందుల కవర్లు తప్పకుండా పట్టుకెళ్ళండి. ముఖద్వార పరీక్షకు నెలసరి రోజుల్లో వెళ్ళకండి. ఎన్ని రోజులకొకసారి వస్తోంది, ఎన్ని రోజులుంటోంది, రోజుకు ఎన్ని బట్టలు మారుస్తున్నారు అన్నది రెండు నెలల ముందు నుంచే గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. డాక్టరుకు స్కాన్ ఎంత ముఖ్యమో ఆ గుర్తులూ అంతే ముఖ్యం. మీ ఇంటి మగవారు తోడు వస్తే మంచిదే, కానీ లోపలి గదిలోకి మీరొక్కరే వెళ్ళండి. ముట్లుడిగాక మళ్ళీ ఎర్రబట్ట కనబడినా, రొమ్ములో గడ్డ తగిలినా ఆలస్యం చేయకుండా మరుసటి మంగళవారమే వెళ్ళండి.

అక్క మళ్ళీ థైరాయిడ్ పరీక్షకు రావలసి ఉంది. ఈసారి ఒంటరిగా రావడం లేదు. వాళ్ళ వాడలో ఒకామె గర్భసంచి తీయించుకోవడానికి ప్రైవేటు ఆసుపత్రిలో తేదీ తీసుకుని ఉంటే, ఆ తేదీ జరుపుకొమ్మని అక్కే చెప్పి ఒప్పించింది. వచ్చే మంగళవారం ఆరున్నర బస్సుకు ఇద్దరూ బయలుదేరుతున్నారు. పాత స్కాన్ కాగితాలు మరిచిపోవద్దని ఆమెకు రెండుసార్లు చెప్పిందట. నేను ఆ పూట సెలవు పెట్టాను.